రెండు వలల వ్యాప్తి

తొమ్మిదో ప్రశ్న నా కంట పడకుండా ఉంటే బాగుండేది. లుహంగా సార్ అసలు నన్ను ఏదీ చూడొద్దనే అన్నాడు. మీ సబ్జెక్టు పరీక్షలో మీరు గదిలో ఉండకూడదు చిసాలే మేడమ్, అది మీకూ తెలుసు నాకూ తెలుసు, కాపలాకి రావాల్సినాయన మోటారుసైకిల్ చైను తెగి దార్లో కూచున్నాడు, ఆయన వచ్చేదాకా ఒక గంట నిలబడండి చాలు, నోరు మెదపొద్దు, కాగితం ముట్టొద్దు అని చెప్పి, రెండు గదుల మధ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని అటో కన్ను ఇటో కన్ను వేసి కూచున్నాడు. జిల్లా నుంచి సీలు వేసిన కవర్లు తెచ్చిన మనిషి. నేను నోరు మెదపలేదు, కాగితం ముట్టలేదు. మిగిలిపోయిన ప్రశ్నపత్రం ఒకటి బల్ల మీద రాయి కింద బోర్లా ఉంటే సరస్సు మీంచి వచ్చిన గాలి ఒక్క విసురున దాన్ని తిరగేసింది. తిరగేస్తే తిరగేసింది, కళ్లు మూసుకోవచ్చుగా? మూసుకోలేదు. దొంగ చూపు దాచిన చోటికే పోతుంది కాబోలు, ఇన్ని ప్రశ్నలుండగా నా కళ్లు సరాసరి తొమ్మిది మీదికే పోయాయి.

రెండు మడుల్లో మొక్కజొన్న మొలకలు. మొదటి మడిలో అన్నిటికంటే పొట్టి మొలక పన్నెండు సెంటీమీటర్లు, ఆ మడి వ్యాప్తి పద్దెనిమిది. రెండో మడిలో అన్నిటికంటే పొడుగు మొలక నలభై మూడు, వ్యాప్తి పద్నాలుగు. రెండు మడులూ కలిపితే వ్యాప్తి ఎంత? ఆరు మార్కులు. వ్యాప్తి అంటే ఏముంది, అన్నిటికంటే పెద్దదాంట్లోంచి అన్నిటికంటే చిన్నది తీసెయ్యడమే. రెండు గుంపులు కలిసినా అంతే, మొత్తం మీద పెద్దది ఏది, మొత్తం మీద చిన్నది ఏది, తీసెయ్. నలభై మూడులో పన్నెండు పోతే ముప్ఫై ఒకటి. ఇంత చిన్న ముక్క. ఈ గదిలో ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు, అందరూ పద్దెనిమిది అని రాస్తారు. ఎందుకంటే రెండు వ్యాప్తుల్లో ఏది పెద్దదైతే అదే జవాబని వాళ్లకి నేర్పింది నేను. నేర్పి, తప్పని తెలిసి, ఆరు వారాలు నోరు మూసుకుని కూచున్నది కూడా నేనే.

గాలి ఇసకని కిటికీలోంచి తెచ్చి పిల్లల కాగితాల మీద పోస్తోంది, వాళ్లు మోచేతులతో తుడుచుకుంటూ రాస్తున్నారు. గట్టు మీద వెదురు తట్టల మీద ఉసిపా ఎండేశారు, ఆ వాసన. వేలెడంత చేప, ఈ ఊరు మొత్తం దాని మీదే బతుకుతుంది, నేనూ పొద్దున న్సిమాతో, మొక్కజొన్న పిండి ముద్దతో, అదే తిని వచ్చాను. వచ్చిన కొత్తలో ముక్కుకి గుడ్డ కట్టుకుని నడిచేదాన్ని. నేను కొండ మీది దాన్ని, డెడ్జా వైపు, దుంపల చేల మధ్య పుట్టినదాన్ని, మా వాళ్లలో చేప అంటే సంత రోజున కాగితంలో చుట్టుకొచ్చేది. చరిత్రా భూగోళం చెప్పడానికి నాలుగేళ్ల కింద ఇక్కడికి వేశారు. లెక్కల మాస్టారు రాజధానికి బదిలీ అయిపోతే హెడ్‌మాస్టరు నన్ను పిలిచి, పుస్తకం ఎదురుగా ఉంటే మీరు ఏదైనా చెప్పగలరు మేడమ్, అన్నాడు. ఆ మాటకి ఉబ్బిపోయాను. నాకు రాదు సార్ అని ఒక్క మాట, నాలుక మీదికి వచ్చి కూడా వెనక్కి పోయింది. వచ్చు అన్నట్టు తల ఊపాను.

పుస్తకం ఒక్కటే. దాంట్లో నూట పన్నెండో పేజీ తర్వాత నూట పదిహేను. మధ్య కాగితం ఎవరో చింపేశారు, ఏ మందాసి ఉండలు అమ్మే అమ్మో నూనె పీల్చడానికి పరుచుకుని ఉంటుంది. "రెండు దత్తాంశాలు కలిపినప్పుడు" అని పేజీ కింద మొదలై అక్కడే ఆగిపోయింది. పక్క బడికి వెళ్లి అడగొచ్చు, పదకొండు కిలోమీటర్లు, మినీబస్సు దొరుకుతుంది. లెక్కల టీచరు లెక్క అడగడానికి వెళ్లడమా, ముఖం ఎలా చెల్లుతుంది? ఆ రాత్రి నా అంతట నేనే కల్పించేశాను. గట్టు మీద వలలు ఒకదాని మీద ఒకటి ఆరేసి ఉండడం రోజూ చూస్తున్నానుగా. మర్నాడు బోర్డు మీద రెండు వలలు గీశాను, చిన్న వల మీద పెద్ద వల పరిస్తే మొత్తం ఎంత వెడల్పు? పెద్ద వల ఎంతో అంత. చిన్నది దాని కింద దాక్కుంటుంది. క్లాసంతా ఓహో అంది. నాకెంత గర్వమో, ఈ ఊరి పిల్లలకి ఈ ఊరి పోలికతో చెప్పానని. లింబికాని అక్కడికక్కడే పాట కట్టేశాడు, "పెద్దది మింగే చిన్నదాన్నీ, పెద్దదే రాయి తమ్ముడూ" అని, బల్ల మీద దరువుతో.

ఇప్పుడూ ఆ పాటే వాడి పెదాల మీద ఉంది. మూడో వరసలో కిటికీ పక్కన కూచున్నాడు, ఇరవై ఏళ్లవాడు, మీసం వచ్చినవాడు, ఈ పరీక్షకి ఇది మూడోసారి. రాత్రి పడవ మీద దీపం పట్టుకుని వేటకి పోయి, పొద్దున కళ్లు ఎర్రగా చేసుకుని బడికి వచ్చేవాడు. ఫీజు గడువు రోజున నవ్వుతూనే అన్నాడు, ఈసారి కూడా పోతే ఇంక పడవే మేడమ్, మా నాన్న తెడ్డు కూడా చెక్కి పెట్టాడు. కిందటిసారి నాలుగు మార్కుల్లో పోయింది వాడికి, లెక్కల్లోనే. వాడి పెదాలు కదులుతున్నాయి, పెద్దది మింగే, పెన్ను కదిలింది, ఆరు మార్కులు నా పాట పాడుకుంటూ పోయాయి. రాసేసి తల ఎత్తి నన్ను చూసి చిన్న నవ్వు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వానే! ఎంత సిగ్గులేని ముఖం నాది.

చెప్పెయ్యొచ్చు. గట్టిగా ఒక్క మాట, తొమ్మిదో ప్రశ్న నేను తప్పు చెప్పాను అని. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు, మూడేళ్ల కింద ఏదో బడిలో ఓ పంతులు ఒక పిల్ల చెవిలో ఒక్క అంకె ఊదాడని ఆ గది మొత్తం కాగితాలు చెల్లవన్నారు. నా ముప్ఫై ఎనిమిది మందికీ అన్నీ పోతాయి, ఆరు మార్కులు కాదు, ఏడాది. కాబట్టి నోరు మూసుకోవడమే ధర్మం. నిజమే, కానీ ఆ ధర్మం దొరికినందుకు లోపల ఎక్కడో హాయిగా ఉంది చూడు, అది నాకు తెలుస్తోంది, అందుకే నా మీద నాకు అసహ్యం. చెప్పడానికి వీలున్న ఆరు వారాలూ ఏ ధర్మం అడ్డొచ్చింది? మే నెలలో జిల్లాలో శిక్షణ పెట్టారు, పక్కన కూచున్నావిడ పుస్తకం చక్కగా అట్ట వేసి ఉంది, టీ తాగే వేళ ఊరికే తిరగేశాను, నూట పదమూడో పేజీ. చదువుతూ చేతిలో కప్పు సంగతి మరిచి టీ ఆవిడ పుస్తకం మీద ఒలకబోశాను. ఆవిడ పాపం నన్నే ఓదార్చింది. తిరిగొచ్చేటప్పుడు మినీబస్సులో, కోళ్ల మధ్య, మొక్కజొన్న బస్తాల మధ్య దారంతా వల్లె వేసుకున్నాను, సోమవారం చెప్పేస్తాను, పిల్లలూ నేను పొరపాటు పడ్డాను. సోమవారం వచ్చింది. బోర్డు తుడిచాను, సుద్దముక్క తీశాను, వెనక బల్ల మీద ఒక పిల్ల తల వంచుకుని కూచుని ఉంది. ఆ తల చూసి వేరే పాఠం మొదలెట్టాను. తర్వాతి సోమవారమూ అంతే. తేలు కుట్టిన దొంగని అయిపోయాను.

అసియాతు. ఆ పేరు తలుచుకోకుండా గంట గడిపేద్దామనుకున్నాను, కుదరదు, ఆరో వరస చివర అదిగో. వలల పాఠం చెప్పిన రోజున పాఠం అయ్యాక అది నా దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూచుంది. ఇక్కడ పెద్దవాళ్లతో మాట్లాడాలంటే పెద్దవాళ్ల తల కంటే చిన్నవాళ్ల తల కిందికి ఉండాలి, మా కొండ మీదా అంతే. చేతులు కట్టుకుని, నేల చూస్తూ, మెల్లగా అంది. "తప్పైతే క్షమించండి మేడమ్. నీళ్లలో రెండు వలలు ఒకదాని మీద ఒకటి ఎవరూ వెయ్యరు. ఒకటి రాళ్ల దగ్గర వేస్తారు, ఒకటి రెల్లు దగ్గర వేస్తారు. మొత్తం ఎంత మేర అంటే ఆ వల ఆ చివర నుంచి ఈ వల ఈ చివర దాకా కదా." ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. దాన్ని చూసి కాదు, నన్ను చూసి, కొండ మీద నుంచి వచ్చి వల గురించి చెప్పిన పంతులమ్మని చూసి. ఆ పిల్ల నవ్వలేదు. ఒక్క క్షణం, నిజం చెప్పాలి, ఒక్క క్షణం అది చెప్పింది సరైనదేనని నాకు తట్టింది కూడా. తట్టినా సరే, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. "చేపల కంపు కొట్టే నోటితో నాకు లెక్కలు చెప్తావా?" అన్నాను.

అన్నాను. ఎవరో అనిపించలేదు, కోపంలో జారలేదు, ఏరుకుని మరీ అన్నాను, ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. బోర్డు వైపు తిరిగి నిలబడమన్నాను, ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు, మూడు రోజులు నా పీరియడ్ అయ్యేదాకా. వాళ్లమ్మ గట్టు మీద ఉసిపా ఎండేసి అమ్ముతుంది, ఆ తట్టలు తిరగేసి, చేతులు కడుక్కుని బడికి వస్తుంది అది. నాలుగో రోజు నుంచి దాని దగ్గర సబ్బు వాసన. ఒంటి సబ్బు కాదు, బట్టల సబ్బు, నీలం ముక్క, చర్మం పగిలిపోతుంది దాంతో. మెడ మీద, చేతుల మీద తెల్లగా చారలు కట్టాయి. అప్పటి నుంచి అది నాతో మాట్లాడాల్సి వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మర్యాద కొద్దీ అనుకుంటారు చూసినవాళ్లు. నేను కూడా కొన్నాళ్లు అలాగే అనుకోడానికి తెగ ప్రయత్నించాను. దానికి నర్సు చదువు కావాలి, లెక్కల్లో మంచి గ్రేడు లేకపోతే ఆ గేటు లోపలికే రానివ్వరు, ఆ సంగతీ నాకు తెలుసు, సిఫార్సు ఉత్తరం రాయమంటే రాశాను కూడా. క్రమశిక్షణ గల విద్యార్థిని అని రాశాను.

కానీ అది పద్దెనిమిది రాయదు. ఈ ఆలోచన ఇప్పుడే వచ్చింది, వచ్చి పట్టుకుంది. మిగతావాళ్లు పాట పాడుకుంటూ రాస్తారు, అది రాయదు, దానికి వల తెలుసు. ముప్ఫై ఎనిమిదిలో ఒక్కటైనా సరైనది ఉంటుంది, ఎవరికి దక్కాలో వాళ్లకి దక్కుతుంది. అది చూస్తే చాలు నాకు, ఒక్కసారి కళ్లారా చూస్తే ఈ గుండె బరువు కాస్త దిగుతుంది. గదిలో తిరగడం కాపలావాళ్ల పనే కదా, తిరగొచ్చు. మొదటి వరస, పద్దెనిమిది. పద్దెనిమిది. ఇంకా రాయలేదు. పద్దెనిమిది, కింద రెండు గీతలు కూడా, అంత నమ్మకం. నా అడుగుల చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తోంది. నాలుగో వరస, ఐదో వరస. సబ్బు వాసన.

ఉంది. ముప్ఫై ఒకటి. రెండు మడులకీ రెండు గీతలు గీసి, ఒక గీత కింద పన్నెండు నుంచి ముప్ఫై అని, ఇంకో దాని కింద ఇరవై తొమ్మిది నుంచి నలభై మూడు అని రాసి, ఈ చివరా ఆ చివరా చిన్న గుండ్రాలు చుట్టింది. వల చివర బెండ్లు కట్టినట్టు. అబ్బ, ఎంత బాగా చేసింది! నాకు ఏడుపు వచ్చినంత పనైంది. అక్కడే నిలబడిపోయాను, కదలాలనిపించలేదు, దాహం వేసినవాళ్లలా ఆ ముప్ఫై ఒకటి వంకే చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో. ఆ పిల్ల పెన్ను ఆగింది. మెడ బిగుసుకుంది, ఆ తెల్ల చారల మెడ. నా నీడ దాని కాగితం మీద పడి ఉంది, అది నాకు అప్పుడు గాని కనబడలేదు. మెల్లగా స్కేలు తీసింది. తప్పు రాస్తే గజిబిజిగా చెరపకూడదు, స్కేలు పెట్టి ఒక్క గీత గీసి కొట్టెయ్యాలి, అది కూడా నేను నేర్పిందే. ముప్ఫై ఒకటి మీద స్కేలు పెట్టి ఒక్క గీత గీసింది. పక్కన పద్దెనిమిది అని రాసింది.

వద్దు అని నోటిదాకా వచ్చింది. గుమ్మంలో లుహంగా సార్ కుర్చీ కిర్రుమంది. తర్వాత ఏం చెయ్యాలో తోచక బోర్డు దగ్గరికి నడిచాను. పిల్లలకి వీపు పెట్టి బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. నేను చూడను, ఇదిగో, చూడటం లేదు, మార్చుకో తల్లీ, నీ ముప్ఫై ఒకటి నువ్వు మళ్లీ రాసుకో. ముక్కుకి జానెడు దూరంలో బోర్డు, పరీక్ష వేళలు నా చేతిరాతే, ఆ పైన ఒక మేకు, దాని చుట్టూ తుప్పు. మూడు రోజులు ఈ మేకునే చూసిందన్నమాట అది. ఇక్కడ నిలబడితే వెనక ప్రతి చప్పుడూ మన గురించే అనిపిస్తుందని నాకు తెలీదు, ఇన్నేళ్లుగా ఎంతమందిని నిలబెట్టానో. కంట్లో ఏమైనా పడిందా మేడమ్ అని లుహంగా సార్ అడిగాడు. ఇసక అన్నాను. చెవులన్నీ ఆరో వరసలో పెట్టి విన్నాను, స్కేలు చప్పుడు వస్తుందేమోనని. గాలి రొద తప్ప ఏమీ వినపడలేదు. ఇంతలో మోటారుసైకిలాయన చేతులకి గ్రీజుతో రానే వచ్చాడు, నన్ను పొమ్మన్నారు.

గంట కొట్టి, కాగితాలు కట్టి, సీలు వేసి, జీపు ఇసక రేపుకుంటూ పోయేదాకా అరుగు మీద కూచున్నాను. పిల్లలు బయటికొచ్చారు. లింబికాని రెండు చేతులూ పైకెత్తి వచ్చాడు, మన వలల లెక్క వచ్చింది మేడమ్, ఆరు మార్కులు బుట్టలో పడ్డట్టే అన్నాడు, వెనక నలుగురు పాట అందుకున్నారు. ఇంక ఆగలేకపోయాను. తొమ్మిదో ప్రశ్నకి జవాబు ముప్ఫై ఒకటి, నేను చెప్పిన పద్ధతి తప్పు, అసియాతు చెప్పిందే రైటు, అప్పుడే ఒప్పుకోవాల్సింది, ఒప్పుకోకపోగా దాన్ని అవమానించాను, అని గబగబా, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. పాట ఆగింది. లింబికాని చేతులు మెల్లగా దింపాడు. "మీకెప్పుడు తెలిసింది మేడమ్?" అన్నాడు. మే నెలలో అన్నాను. తిట్టినా బాగుండేది. బూట్లు విప్పి, లేసులు రెండూ ముడేసి భుజాన వేసుకుని, గట్టు వైపు నడిచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు కదిలారు.

అసియాతు మాత్రం వచ్చింది. వచ్చి ఎప్పట్లాగే మోకాళ్ల మీద కూచుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నువ్వు మొదట రాసిందే రైటమ్మా అన్నాను.

"తెలుసు మేడమ్."

"మరి ఎందుకు కొట్టేశావు?"

"మీరు చూస్తున్నారు కదా."

నేను అటు తిరిగిపోయాను కదా, మళ్లీ మార్చుకోలేదా, నీ కోసమే తిరిగాను అన్నాను. దాని కళ్లలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది. మీరు అటు తిరిగేసరికి నా మీద కోపం ఇంకా పోలేదనుకున్నాను మేడమ్, అందుకే అలాగే ఉంచేశాను, అంది. క్షమించు అనాలి, ఎలా అనాలో తెలీలేదు, అరుగు దిగి దాని ఎదురుగా ఇసకలో నేనూ మోకాళ్ల మీద కూచున్నాను. అది హడలిపోయింది. టీచరు తల తన తలతో సమానంగా ఉంటే ఎలా, చటుక్కున ఇంకా కిందికి వంగింది. లేవమ్మా అంటూ నేను దాని భుజాలు పట్టుకోబోయి ముందుకి వంగితే నుదురు ఇసకకి ఆనేంతగా వంగిపోయింది. గట్టు మీద తట్టలు తిరగేస్తున్న ఆడవాళ్లు పని ఆపి మా ఇద్దర్నీ చూస్తున్నారు. చివరికి నేనే లేచి నిలబడ్డాను. అప్పుడు గాని అది తల ఎత్తలేదు.